బరువు తగ్గించారు... హాజరు తగ్గించలేదు

బరంపురం వ్యాయామశాలలో అరవై దాటిన తెలుగు సభ్యుల తెల్లవారుజాము ముచ్చట

బరంపురం: తెల్లవారుజాము అయిదు గంటలు. బడాబజారు వెనక సందుల్లో ఇంకా వీధి దీపాలు ఆరలేదు. పాల క్యాన్లు కట్టిన సైకిలొకటి గంట కొట్టుకుంటూ వెళ్లింది. ఓ పాత వ్యాయామశాల తలుపు ముందు తెల్ల బనీను, ఖాకీ నిక్కరు వేసుకున్న పెద్దాయన ఆగి జేబులోంచి తాళంచెవి తీశారు. తలుపు తోసి లైటు వేశారు. గోడ మీది హనుమంతుడి పటానికి దండం పెట్టి, బల్ల మీదున్న రూళ్ల పుస్తకం తెరిచి తేదీ రాశారు. తన పేరు పక్కన సంతకం పెట్టారు. ఆ రోజు హాజరు అలా మొదలైంది.

ఆయన వయసు 74. తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. కాలేజీలో చదివే రోజుల్లో, 1971లో ఇక్కడ సభ్యుడిగా చేరారు. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, వాళ్లకీ పిల్లలు పుట్టారు. సభ్యత్వం మాత్రం అలాగే ఉంది.

పావుగంటలో మరో ముగ్గురు వచ్చేశారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒకాయనకి 71. ఏళ్ల తరబడి పట్టు మగ్గం నేసిన ఇంకొకాయనకి 69. అప్పడాల వ్యాపారం కొడుక్కి అప్పగించిన మరొకాయనకి 66. పేపర్లో పేర్లు మాత్రం వెయ్యొద్దన్నది నలుగురి మాటా. 'ఫొటో అసలే వద్దు. కండలేవీ అని అడుగుతారు' అని నవ్వారు అప్పడాల వ్యాపారి.

నిజమే. నలుగురిలో ఎవరికీ చెప్పుకోదగ్గ కండల్లేవు. ఒకరికి గుండెలో స్టెంటు ఉంది. ఒకరికి షుగరు. మాస్టారి కుడి మోకాలు వాన పడేముందే కబురు చెబుతుంది. అయినా తెల్లారేసరికి నలుగురూ ఇక్కడుంటారు. ఇంత వయసులో ఇనుప సామాన్ల మధ్య వీళ్లకి ఏం సుఖం దొరుకుతోంది?

గంజాం మట్టిలో కసరత్తు

బరంపురానికి కసరత్తు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. తర్వాత పటం మీద గీత మారింది. ఇక్కడి తెలుగువాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. వాళ్ల మగ్గాలు, దుకాణాలు, గుళ్లతో పాటు వ్యాయామశాలలూ ఉండిపోయాయి. అటు పూరీలో అఖాడాల మల్లయుద్ధం, ఇటు ఉత్తరాంధ్రలో తాలింఖానాల సాము గరిడీలు. రెండు వైపుల గాలీ ఈ ఊరికి తగిలింది.

ఈ వ్యాయామశాల గోడ మీద హనుమంతుడి పక్కన ఓ పాత ఫొటో ఉంది. కోడి రామ్మూర్తి నాయుడిది. శ్రీకాకుళం సీమలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగిన ఆయన ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసుల్ని ఊపిరి బిగించి తెంచిన వీరుడు. కలియుగ భీముడని జనం పిలుచుకున్నారు. సొంతంగా సర్కస్ నడిపి దేశదేశాలు తిరిగిన ఆ మనిషి చివరి రోజులు గడిచింది ఒడిశాలోనే. 1942లో బలంగీర్‌లో కన్నుమూశారు. 'ఆంధ్రాలో పుట్టి ఒడిశాలో పోయినాయన. మాకూ ఆయనకీ అదే చుట్టరికం' అంటారు మాస్టారు.

సాయంత్రం బ్యాచి కుర్రాళ్లకి మాత్రం వేరే హీరో ఉన్నాడు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో మొత్తం 321 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచిన కాటూలు రవికుమార్ బరంపురం కుర్రాడే. 2014లో గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం తెచ్చాడు. సాయంత్రం అయిదైతే ఆ ముచ్చట్లతో, బార్‌ కింద పడేసే చప్పుళ్లతో ఈ గది దద్దరిల్లుతుంది. పొద్దుటి బ్యాచిలో ఆ చప్పుడుండదు. ఇక్కడ బార్‌ని కింద పడెయ్యరు. మెల్లగా దించుతారు.

ప్లేటు తీసే సుఖం

పడుచు వయసులో సంబరమంతా ప్లేటు తగిలించడంలోనే ఉండేదట. ఈ నెల అయిదు కిలోలు పెంచితే పై నెల ఇంకో అయిదు. పక్కవాడు ఎంతెత్తాడో ఓ కంట చూస్తూ ఉండాలి. పట్టింపులొచ్చేవి. నడుము పట్టేసినా పైకి చెప్పేవారు కాదు. ఒకసారి పందెం కట్టి, ఎత్తలేని బరువెత్తి, మూడు నెలలు మంచం పట్టిన సంగతి అప్పడాల వ్యాపారి ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు.

'ఇప్పుడా గొడవ లేదు బాబూ. ఈ రోజు ఒళ్లు బాగులేదనుకో, ఓ ప్లేటు తీసేత్తాం. ఏటి అని అడిగీవోడు లేడు. ఆ తీసీడంలో ఎంత సుఖముందో వయసులో ఉన్నోళ్లకి ఎలా తెలుస్తాది?' అంటారు పట్టు నేతగాడు.

మాస్టారి దగ్గర ఇంకో పుస్తకం ఉంది. ఏ ఏడు ఎంత ఎత్తారో అందులో రాసి పెట్టుకున్నారు. నలభై ఏళ్ల వయసులో భుజాల మీద 100 కిలోలు పెట్టుకుని బస్కీలు తీసిన మనిషి యాభై అయిదులో 70కి దిగారు. అరవై అయిదులో 40. ఇప్పుడు వట్టి బార్. అదే 20 కిలోలు. మోకాలు మూలిగిన రోజు అదీ ఉండదు, కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం మాత్రమే. ఆ అంకెలు చూసుకుంటే దిగులుగా ఉండదా? 'ఎందుకుండాలి? పుస్తకంలో అంకె తగ్గింది, పేజీ ఆగలేదు కదా. నాతో పాటు చేరిన పద్దెనిమిది మందిలో ఇంకా పేజీ నడుస్తున్నది నాదొక్కడిదే' అన్నారు మాస్టారు.

ఆ మాటలో గర్వం ఉంది, బెంగా ఉంది. మిగతా పదిహేడు మందిలో కొందరు పోయారు. కొందరు పిల్లల దగ్గరికని హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయారు. ఊళ్లోనే ఉండి, నాలుగు మెట్లు ఎక్కలేక గుమ్మం దాటనివాళ్లూ ఉన్నారు.

52 కిలోల లెక్క

గార్డుగారి సంగతి వేరు. ఆయన బల్లల జోలికి, యంత్రాల జోలికి పోరు. బార్‌కి అటు 15, ఇటు 15 కిలోల ప్లేట్లు తగిలిస్తారు. బార్‌తో కలిపి 50 కిలోలు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, వీపు తిన్నగా ఉంచి నేల మీంచి బరువు లేపుతారు. నిలబడి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ మెల్లగా దించుతారు. అలా అయిదేసి సార్లు, మూడు విడతలు. మిగతా ముగ్గురూ ఏళ్ల తరబడి బరువు దించుతూ వస్తుంటే ఈయన మాత్రం ఆ 50ని కదలనివ్వడం లేదు.

ఎందుకంటే ఇంట్లో ఆయన భార్య బరువు 52 కిలోలు.

ఆరేళ్ల కిందట ఆమెకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు సరిగా ఆడవు. కూతురు రాయపూర్‌లో ఉంటోంది. కొడుకు పుణెలో ఉద్యోగం. పగలు పనిమనిషి వస్తుంది గానీ పొద్దుటే మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూంలోకి, మళ్లీ మంచం మీదికి చేర్చేది ఆయనే. రోజుకి ఎనిమిదిసార్లు, ఒక్కోసారి పదిసార్లు.

మొదట్లో అందరిలాగే చెయ్యి పట్టుకుని లాగబోయారు. పక్షవాతం వచ్చిన వైపు చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారిపోతుందని ఫిజియోథెరపిస్టు కోప్పడ్డారట. తర్వాత పద్ధతి నేర్పారు. మనిషికి బాగా దగ్గరగా నిలబడాలి. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకోవాలి. ఆడని కాలి మోకాలికి మన మోకాలు ఆనించి ఆపాలి. వంగాల్సింది మన నడుము కాదు, మోకాళ్లు. బరువంతా తొడల మీదే లేవాలి.

'అంతా విన్నాక నాకు నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడ చేస్తున్నది ఇదే కదా! ఇన్నాళ్లూ ఎందుకు చేస్తున్నానో తెలీకుండా చేశాను. ఇప్పుడు తెలిసింది' అన్నారు గార్డుగారు. కాసేపాగి, 'ఈ యాభై నావల్ల కాదన్న రోజున ఆవిణ్ణి ఎవరికో అప్పగించాలి. ఆ రోజు ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిది' అన్నారు.

పక్కనున్న ముగ్గురూ ఏమీ అనలేదు. నేతగాడు లేచి వెళ్లి బార్‌కి ప్లేటు జారకుండా పెట్టే క్లిప్పు సరిచేశారు.

ఒకటి... రెండు... మూడు...

ఈ గదిలో ఇంకో విశేషం ఉంది. లెక్క తెలుగులోనే సాగుతుంది. బస్కీలైనా, దండాలైనా, డంబెల్సయినా మాస్టారు పైకి లెక్క పెడతారు. ఒకటి... రెండు... మూడు... పది దగ్గర కాస్త సాగదీస్తారు.

సెలవుల్లో కాలేజీ కుర్రాళ్లు కొందరు పొద్దుటే వస్తారు. వాళ్లలో తెలుగిళ్ల పిల్లలున్నారు, ఒడియా ఇళ్ల పిల్లలున్నారు. తెలుగిళ్ల పిల్లలకి ఇంట్లో మాట్లాడటం వచ్చు గానీ చదువంతా ఇంగ్లీషు, ఒడియా. అంకెలు ఇంగ్లీషులో తప్ప నోట పలకవు. 'ఇరవై తొమ్మిది తర్వాత ఏటిరా అంటే దిక్కులు చూస్తారు. ఇక్కడ ముప్ఫై బస్కీలు తీస్తే ముప్ఫై అంకెలూ వచ్చేస్తాయి. బళ్లో నేను నేర్పలేనిది ఇక్కడ నేర్పుతున్నాను' అని మాస్టారు నవ్వుతారు. ఒడియా కుర్రాళ్లు ఆయన్ని 'అజా' అంటారు. అంటే తాత. వాళ్లూ తెలుగులోనే లెక్క పెడతారు. తెలుగు కుర్రాళ్లు 'తాతగారూ, ఈ రోజు బార్ ఒక్కటేనా?' అని ఆటపట్టిస్తే, ఒడియా కుర్రాళ్లు ఆయన బార్ దించేదాకా వెనకే నిలబడి కాపు కాస్తారు.

రాకపోతే అడుగుతారు

హాజరు పుస్తకం ఎందుకు? జీతాలిచ్చే ఆఫీసు కాదు కదా? దానికో కథ ఉంది.

నాలుగేళ్ల కిందట నేతగాడి భార్య పోయింది. కర్మకాండలు అయ్యాక కూడా ఆయన రాలేదు. ఒక వారం ఎవరూ ఏమీ అనలేదు. రెండో వారం పుస్తకంలో ఆయన పేరు పక్కన ఖాళీ గళ్లు చూసి మాస్టారు గార్డుగారిని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. ఆయన మగ్గం పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. తిండి సరిగా లేదు. నిద్ర లేదు. కొడుకు, కోడలు ఎంత చెప్పినా మంచం దిగడం లేదన్నారు.

'వ్యాయామం చెయ్యక్కర్లేదు. వచ్చి సంతకం పెట్టి, బల్ల మీద కూర్చుని వెళ్లు' అన్నారట మాస్టారు. మర్నాడు అయిదింటికి గార్డుగారు సైకిలేసుకుని వెళ్లి గుమ్మంలో బెల్లు కొట్టారు. ఆయన వచ్చారు. పది రోజులు వట్టినే కూర్చున్నారు. పదకొండో రోజు, పక్కనెవరో బార్ తప్పుగా పట్టుకుంటే చూడలేక లేచి సరిచేశారు. అక్కణ్ణించి మళ్లీ మొదలు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ వ్యాయామశాల పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. మర్నాడు ఊరంతా విరిగిన చెట్లు, తెగిన తీగలు. ఆ చెట్ల కొమ్మలు దాటుకుంటూ ముందుగా ఇక్కడికి చేరింది ఈ పెద్దవాళ్లే. తడిసిన ఇనుము తుప్పు పట్టకుండా తుడిచి నూనె రాశారు. తలా కొంత వేసుకుని రేకులు వేయించారు. 2020లో కరోనా వచ్చి నెలల తరబడి తాళం పడినప్పుడు ఎవరింట్లో వాళ్లు నీళ్ల క్యాన్లు, బియ్యం సంచులు ఎత్తారు. పొద్దున్న అయిదున్నరకి మాస్టారు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి హాజరు వేసుకునేవారు. ఆ నెలల హాజరు కూడా పుస్తకంలో ఉంది.

డాక్టర్ల మాట

ఇది పెద్దవాళ్ల సరదా మాత్రమే కాదు. ముప్ఫై ఏళ్లు దాటాక మనిషి ఒంట్లో కండ పదేళ్లకి 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతూ పోతుందని వైద్యుల లెక్క. అరవై దాటితే ఆ వేగం ఇంకా పెరుగుతుంది. దీన్నే సార్కోపీనియా అంటారు. కండ తగ్గితే కుర్చీలోంచి లేవడం కష్టమవుతుంది, కాలు జారితే నిలదొక్కుకునే బలం ఉండదు, పడితే ఎముక విరుగుతుంది. రక్తంలోని చక్కెరని ఎక్కువగా వాడుకునేది కండే కాబట్టి షుగరు ఉన్నవాళ్లకి ఇది రెట్టింపు నష్టం.

నడక మంచిదే. కానీ నడక ఒక్కటే చాలదు. 65 దాటినవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం, కనీసం మూడు రోజులు తూలిపోకుండా నిలబడే అభ్యాసంతో కలిపిన రకరకాల వ్యాయామాలు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

ఇంత వయసొచ్చాక ఇంకేం బలం వస్తుందని పెదవి విరిచేవాళ్లకి 1990లో అమెరికాలోని బోస్టన్ నుంచి జవాబొచ్చింది. అక్కడ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ల వాళ్లు పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకి బరువుల వ్యాయామం మొదలుపెట్టించారు. చివరిదాకా చేసిన తొమ్మిది మందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది.

మన పక్క రాష్ట్రంలోనే మరో ఉదాహరణ ఉంది. 1952లో మిస్టర్ యూనివర్స్ టైటిల్ గెలిచిన కోల్‌కతా వాసి మనోహర్ ఐచ్ ఎత్తు అయిదడుగులు కూడా లేదు. బ్రిటిష్‌వాళ్ల జైల్లో ఉండగా బరువులెత్తడం మొదలుపెట్టి, ముసలితనంలోనూ కసరత్తు వదలని ఆయన నూరేళ్లు దాటి బతికారు. 2016లో కన్నుమూశారు.

ఆడవాళ్ల సంగతేంటి?

పొద్దుటి బ్యాచిలో ఆడవాళ్లు లేరు. ఈ ప్రశ్న వేసింది మాస్టారి భార్యే. 'మీరు యాభై ఏళ్లు ఎత్తారు. నేను యాభై ఏళ్లు నీళ్ల బిందెలెత్తాను. మీది కసరత్తు, నాది పనా?' అని అడిగిందట. ఎముకలు గుల్లబారడం ఆడవాళ్లకే ఎక్కువ. వాటికి బలమిచ్చే వ్యాయామం అవసరమూ వాళ్లకే ఎక్కువ. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతంలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ ఊరు ఇక్కణ్ణించి రైలెక్కితే కొన్ని గంటల దూరమే. అయినా ఇక్కడి వ్యాయామశాల గుమ్మం ఆడవాళ్లకి మాత్రం ఇంకా దూరంగానే ఉంది.

మాస్టారు ఆ మాట మర్చిపోలేదు. పొద్దున్న పది నుంచి పదకొండు దాకా గది ఎలాగూ ఖాళీగా ఉంటుంది. కిందటేడు నుంచి ఆ గంట ఆడవాళ్లకి ఇచ్చారు. మొదటి రోజు ముగ్గురు వచ్చారు. ఇప్పుడు తొమ్మిది మంది. చీర కొంగు దోపుకుని రెండేసి కిలోల డంబెల్స్ ఎత్తుతారు. వాళ్లకి వేరే హాజరు పుస్తకం పెట్టారు. అందులో మొదటి పేరు మాస్టారి భార్యది.

ఏడు కాకుండానే

ఆరున్నరకి కసరత్తు అయిపోతుంది. చెమట తుడుచుకుని బల్ల మీద కూర్చుంటారు. సందు చివర బండి దగ్గర్నించి ఉప్మా, గుగ్ని వస్తాయి. తినేటప్పుడు ముచ్చట్లు. ఎవరి మనవడికి ఎక్కడ సీటొచ్చింది, పట్టు నూలు ధర ఎంత పెరిగింది, ఠాకురాణీ జాతరకి ఎవరి పిల్లలు ఊరొస్తున్నారు. స్టెంటు వేయించుకున్న అప్పడాల వ్యాపారి ఉప్పు తగ్గించారా లేదా అని మిగతా ముగ్గురూ ఆయన ప్లేటు వంక చూస్తారు. 'ఇంట్లో ఒక్క ఆవిడ, ఇక్కడ ముగ్గురు' అని ఆయన విసుక్కుంటారు.

గార్డుగారు ఈ ఉప్మా తినరు. పొట్లం కట్టించుకుంటారు. ఏడింటికి ఆమె నిద్ర లేస్తుంది. అప్పటికి ఆయన ఇంట్లో ఉండాలి.

పోయే ముందు ప్లేట్లు విప్పి, ఏ సైజు దగ్గర ఆ సైజు పేర్చారు. పొట్లం సైకిలు హ్యాండిలుకి తగిలించారు. 'రేపు అయిదింటికి' అన్నారు మాస్టారు. 'ఆఁ, రేపు' అంటూ గార్డుగారు సైకిలెక్కారు.

అరవై దాటాక మొదలుపెట్టేవారికి

* ముందు డాక్టరుకి చూపించుకోవాలి. బీపీ, షుగరు, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉంటే దాచకుండా చెప్పాలి.

* బలం ఎంతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. గోడకి ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. పక్కన ఒకరు ఉండాలి. 70 నుంచి 74 ఏళ్ల మగవాళ్లు 12 సార్ల కంటే, ఆడవాళ్లు 10 సార్ల కంటే తక్కువ చేస్తే కింద పడే ముప్పు ఎక్కువని అర్థం.

* తేలిక బరువుతో మొదలుపెట్టాలి. పది, పన్నెండు సార్లు హాయిగా ఎత్తగలిగాకే కాస్త పెంచాలి.

* ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. పైకి లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

* ఒకే భాగానికి రోజూ బరువులు పనికిరావు. మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప వంటివి భోజనంలో ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు వాటి మోతాదు డాక్టరునే అడగాలి.

* ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఆయాసం వస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లాలి.

* ఒంటరిగా చెయ్యొద్దు. రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లున్న చోట చేరాలి.